విత్తన పత్తిలో క్రాసింగ్ ఎలా చేయాలి?

గద్వాల, నంద్యాల వైపు విత్తన పత్తి వేసేవాళ్లకు క్రాసింగ్, అంటే ఆడ రకం పువ్వుకు మగ రకం పుప్పొడిని చేత్తో అద్దడం, కొత్త కాదు. అయినా ఏటా ఆడ సాళ్ల (ఆడ రకం వేసిన వరుసల) కింద రాలిన పిందెలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చాలావరకు అది మొగ్గ ఒలిచేటప్పుడు గోరు దించడంలో జరిగే పొరపాటే.

ఎర్ర కాగితపు గొట్టాలు, దారం, ఒక బుట్ట చాలు. బొటనవేలి గోరు కాస్త పెరిగి ఉండాలి.

మధ్యాహ్నం 3 దాటాక మొదలుపెట్టండి. రేపు పొద్దున పూసే మొగ్గ ఉబ్బి, రేకులు ఆకుపచ్చ రక్షక పత్రాల్లోంచి పైకి వచ్చి ఉంటుంది. అదే కావాలి. చిన్నవాటిని ముట్టుకోవద్దు.

ఇక అసలు పని. మొగ్గ అడుగున, రేకులు మొదలయ్యే చోట గోరు ఆనించి చుట్టూ గీయాలి. గుచ్చకూడదు. లోపల పిందె మీద పల్చటి తెల్లటి పొర ఉంటుంది, దానికి గోరు తగిలిందా, ఆ కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే. గీత పూర్తయ్యాక కొద్దిగా తిప్పుతూ పైకి లాగితే రేకులు, కేసరాలు కలిసి తొడుగులా ఊడి వస్తాయి. మధ్యలో కీలం (పిందె మీది కాడ) ఒక్కటే నిలబడాలి. విరిగితే మొగ్గ పోయినట్టే. తొందరపడి లాగేది ఇక్కడే. కూలీలకు మొదటి రెండు రోజులు లెక్క పెట్టకండి, నిదానంగా చేయనివ్వండి.

కొందరు చిమటాతో కేసరాలు ఒక్కొక్కటే పీకుతారు. అలా చేయొద్దు. ఒక్క పుప్పొడి తిత్తి మిగిలినా సెల్ఫ్ అయిపోతుంది, అంటే సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది, టైమూ దండగ. 1970లో సూరత్ నుంచి హెచ్-4 అనే సంకర రకం వచ్చినప్పటి నుంచి మన దేశంలో సంకర పత్తి విత్తనం ఎక్కువగా ఈ చేతిపని మీదే నడుస్తోంది.

ఒలిచిన మొగ్గకు ఎర్ర కాగితం తొడగండి, పొద్దున వెతుక్కునే టెన్షన్ ఉండదు.

మర్నాడు మంచు ఆరాకే పుప్పొడి అద్దాలి. తడి తగిలితే పుప్పొడి పగిలిపోతుంది. మగ రకం పువ్వును కీలాగ్రం (కీలం కొన) చుట్టూ మెల్లగా రుద్దండి. ఒక పువ్వుతో నాలుగైదు మొగ్గలకు మించి వద్దు. అద్దిన వెంటనే తొడిమకు దారం కట్టాలి.

ఆడ సాళ్లలో మనం ఒలవకుండా పూసిన పువ్వు ఒక్కటి కనిపించినా తెంపేయండి. పత్తి తీసేటప్పుడు దారం ఉన్న కాయే విత్తనానికి. దారం లేనిది ఎంత లావుగా ఉన్నా వేరే సంచిలో వేయండి.