పెరిస్కోప్‌లో బొమ్మ ఒరిగి కనిపిస్తోందా? కోణం కాదు, గొట్టం చూడండి

సైన్స్ ఫెయిర్ దగ్గర పడితే పిల్లలు పెరిస్కోప్‌లు, అంటే అడ్డుగా ఉన్నదాని అవతలికి చూసే గొట్టాలు, పట్టుకుని నా దగ్గరికి వస్తారు. 7 సెం.మీ. చదరపు అట్ట గొట్టం, 40 సెం.మీ. పొడవు, పైన ఒకటి, కింద ఒకటి ఏటవాలుగా రెండు అద్దాలు. అందరూ 45 డిగ్రీలు పదిసార్లు కొలిచి ఉంటారు. అద్దం మీద పొర తీశారా అంటే మాత్రం బిత్తరపోతారు.

అంతా మసక. అక్రిలిక్ అద్దమైతే పైన అంటించిన పల్చటి ప్లాస్టిక్ పొరను గోటితో లేపి తీసేయండి. దయచేసి ముందు ఇది చూడండి, మిగతావి తర్వాత. గాజు అద్దమైతే వేలిముద్రలు తుడవండి.

గొట్టం లోపలి గోడ కనిపిస్తోంది. కింది అద్దం కోణం తప్పింది. ఆకాశమే కనిపిస్తుంటే పై అద్దం. అద్దం 5 డిగ్రీలు తప్పితే చూపు 10 డిగ్రీలు పక్కకు పోతుంది. కోణమానిని వద్దు. గొట్టం వెడల్పు 7 సెం.మీ. కాబట్టి మూల నుంచి పైకీ 7 సెం.మీ. కొలిచి, ఎదుటి మూలకు గీత గీయండి. అదే 45 డిగ్రీలు. ఆ గీత మీద అద్దం కూర్చోవాలంటే దాని పొడవు దాదాపు 10 సెం.మీ. ఉండాలి.

బొమ్మ ఒరిగింది. దీనితో నేను ఒక సాయంత్రమంతా అవస్థ పడ్డాను. తెల్లవారితే ప్రదర్శన, పాప కళ్లలో నీళ్లు. కరెంటు స్తంభం వాలిపోయి కనిపిస్తోంది. రెండు అద్దాలూ తీసి మళ్లీ అంటించాను, కోణం సరిగ్గానే ఉంది, స్తంభం మాత్రం నిలబడలేదు. చివరికి గొట్టాన్ని బల్ల మీద పెడితే ఒక మూల గాలిలో లేచింది. అట్ట మెలి తిరిగింది! ఏ చివరన కొలిచినా 45 డిగ్రీలే, కానీ రెండు అద్దాలూ ఒకదానికొకటి సమాంతరంగా లేవు. గొట్టం ఎన్ని డిగ్రీలు మెలి తిరిగితే బొమ్మ అన్ని డిగ్రీలు ఒరుగుతుంది. పై కిటికీని, అంటే పై అద్దం ముందున్న రంధ్రాన్ని, మీ వెనక్కి పెట్టేస్తే ఆ మెలిక 180 డిగ్రీలు, అప్పుడు బొమ్మ తలకిందులు.

ఇంకో గుర్తు కూడా ఉంది. మంచి పెరిస్కోప్‌ను గోడ మలుపు అవతలికి చూడటానికి అడ్డంగా పట్టుకున్నా బొమ్మ నిటారుగానే ఉంటుంది. మెలిక పడినదాన్ని ఎలా పట్టుకున్నా ఆ వాలు పోదు.

టేపును ఒక చివర నుంచి లాగుతూ అంటించడం వల్ల ఇలా అవుతుంది. పొడవునా ఒక అతుకు కోసి, గొట్టాన్ని బల్ల మీద నాలుగు మూలలూ ఆనేలా పెట్టి, పైన పుస్తకాల బరువు ఉంచండి. ముందు రెండు చివర్లా, మధ్యలో చిన్న ముక్కలు అంటించి, ఆ తర్వాతే పొడవు టేపు వేయండి.

దగ్గరి వస్తువుల చుట్టూ పల్చటి రెండో గీత కనిపిస్తే అది గాజు ముందు ముఖం పరావర్తనం. పల్చటి అద్దం వాడండి, చాలు. దృశ్యం మరీ ఇరుకుగా ఉంటే గొట్టం పొడవు తగ్గించండి.

పరీక్షించేటప్పుడు పై కిటికీని సూర్యుడి వైపు తిప్పకండి. అద్దాల్లోంచి చూసినా కళ్లు దెబ్బతింటాయి.