ట్రాలీ కీచుశబ్దాన్ని ఆపిన విధానం: నా అనుభవం

తిరుపతి నుంచి మద్రాసు వెళ్లి ఒక స్టూడియోలో, కెమెరాను పట్టాల మీద నడిపే ట్రాలీని తోసే సహాయకుడిగా చేరిన నాకు, మా యూనిట్ చంద్రగిరి కోట దగ్గరికి షూటింగుకు వచ్చినప్పుడు చెప్పలేనంత సంతోషం కలిగింది. సంభాషణలను అక్కడికక్కడే రికార్డు చేస్తున్న ఆ రోజు, కెమెరా కదిలిన ప్రతిసారీ పిచ్చుక అరిచినట్టు సన్నని శబ్దం వినిపించేది. సౌండు రికార్డిస్టు గారు పక్షులను తోలమనగా, ఇద్దరు కుర్రాళ్లు చప్పట్లు కొడుతూ చింతచెట్టు చుట్టూ తిరిగారు. చెట్టు మీద ఒక్క కాకి కూడా లేదు, అయినా పిచ్చుక మళ్లీ టేకులోనే, అంటే కెమెరా తిరుగుతూ సన్నివేశం తీస్తున్నప్పుడే పలికింది. వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది కనుక ప్రతి టేకూ విలువైనదే.

నేను పట్టాల పక్కన పడుకొని, ట్రాలీని నెమ్మదిగా తోయించి విన్నాను. రబ్బరు చక్రం పట్టాను ఒరుసుకునే చోట శబ్దం పుడుతోంది. నూనె పూస్తే దుమ్ము అంటుకుంటుంది, చక్రమూ జారుతుంది. అందువల్ల పట్టాలను పొడిగుడ్డతో తుడిచి, మేకప్ గదిలోని పౌడరు అడిగి తెచ్చి పలచగా చల్లి, ట్రాలీని రెండుసార్లు ఖాళీగా నడిపించాను. కుంగిన అతుకు కింద చెక్కముక్క దోపి రసమట్టంతో సరిచూశాను. తరువాతి టేకు నిశ్శబ్దంగా సాగింది.

"కథానాయిక కన్నా నీ పట్టాలే తెల్లగా ఉన్నాయయ్యా" అని నవ్వుతూ మేకప్‌మ్యాన్ గారు ఖాళీ డబ్బా తీసుకెళ్లారు.