ఫొటో పాఠాలు – 4: ‘సూపర్ అన్నా’ తర్వాత ఏమనాలి?

పోయిన పాఠంలో ఒక ఆదివారం తీసిన రెండు వందల ఫొటోల్లోంచి పది ఏరుకున్నాం. ఆ పదీ మీ ఫోల్డర్‌లో ఉన్నాయనే అనుకుంటున్నాను. ఇక వాటిని ఇంకొకరికి చూపించాలి. కెమెరా కొన్నవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే. చూపిస్తే ‘సూపర్ అన్నా’ అంటారు, లేదంటే ఏమీ అనరు. రెండింటితోనూ మీ ఫొటో అంగుళం కూడా ముందుకు జరగదు.

తప్పు అవతలివాళ్లది మాత్రమే కాదు. మనకు మొహమాటం ఎక్కువ. వయసులో పెద్దాయన తీసిన ఫొటోకి వంక పెడితే అమర్యాద అనుకుంటాం, చిన్నవాడిదైతే వాడి ఉత్సాహం ఎందుకు చెడగొట్టాలి అనుకుంటాం. అలా పాము చావకుండా, కర్ర విరగకుండా ఏదో ఒకటి అనేసి తప్పుకుంటాం. కొందరు దీనికి పూర్తిగా ఎదురు. ఏ ఫొటో చూపించినా కోడిగుడ్డు మీద ఈకలు పీకుతారు. ఈ రెండు రకాలవాళ్లకీ తెలియని పని ఒకటుంది, ఈ పాఠం దాని గురించే.

ముందు నా సంగతి చెప్తాను. కెమెరా కొన్న కొత్తలో చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో లక్క గాజులు అమ్మే ఒకావిడని తీశాను. ఎదురుగా ఉన్న అరుగు మీద నలభై నిమిషాలు కూర్చుంటే దొరికిన ఫొటో అది. తర్వాత మా ఫొటో బృందం వాళ్లందరం ఇరానీ హోటల్లో కూర్చున్నప్పుడు చూపించాను. చూపించాను అనడం కన్నా ఉపన్యాసం ఇచ్చాను అనాలి. ఎండ ఎప్పుడు పక్కకి తిరిగింది, గాజుల మీద తళుకు ఎలా పడింది, ఆవిడ ఎందుకు నవ్వింది, అన్నీ చెప్పాను. మాలో అందరికన్నా పెద్దాయన టీ తాగడం అయ్యేదాకా విని, “బాబూ, నువ్వు చెప్పిన తళుకు ఈ ఫొటోలో ఎక్కడుంది?” అని అడిగారు. స్క్రీన్ చూశాను. తళుకు లేదు. గాజులన్నీ కలిసిపోయి ఒక ఎర్రటి ముద్దలా ఉన్నాయి.

ఆ రోజు చాలా నొచ్చుకున్నాను. సంగతి అర్థమవడానికి కొన్నాళ్లు పట్టింది. తీసినవాడికి ఫొటోతో పాటు ఆ రోజు ఎండా, కూర్చున్న అరుగూ, కాళ్ల నొప్పీ అన్నీ గుర్తొస్తాయి. చూసేవాడి ముందున్నది ఆ నాలుగు గీతల మధ్య ఉన్నది మాత్రమే. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నది ఊరికే కాదు. ఎదుటివాళ్లని అడగాల్సింది మన కష్టానికి మార్కులు కాదు, మన జ్ఞాపకాలేవీ లేని కంటికి ఆ ఫొటోలో ఏం కనిపిస్తోందో చెప్పమని.

ఇప్పుడు చెప్పేవాళ్ల వైపు చూద్దాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ధనుర్మాసం, తెల్లవారుజాము. ఒకావిడ వాకిట్లో వంగి ముగ్గు వేస్తోంది. 50 ఎంఎం లెన్స్, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం) 1.8, షట్టర్ (వెలుతురు లోపలికొచ్చే సమయం) సెకన్లో 1/40 వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 400. ముఖం ఫోకస్‌లో ఉంది. చేయి కాస్త కదిలినట్టుంది. ఆవిడ తల వెనక గోడ దగ్గర ఒక ఎర్ర ప్లాస్టిక్ బకెట్. పాదాలు చీలమండల దగ్గర తెగిపోయాయి. తీసిన కుర్రాడు “అన్నా, ఎలా ఉంది?” అని అడిగాడు.

మామూలుగా వచ్చే జవాబు ఇలా ఉంటుంది: “కంపోజిషన్ చూసుకో తమ్ముడూ. బకెట్ తీసేయాల్సింది. షట్టర్ తక్కువైంది. కాళ్లు కట్ చేశావ్. నేనైతే కింద కూర్చుని తీసేవాణ్ని.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ కుర్రాడికి పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. నాలుగు తప్పులూ ఒకే బరువుతో మీద పడ్డాయి. వాటిలో ఏది ముందు సరిచేసుకోవాలో అతనికి తెలియదు. పైగా అతను ఏం తీయాలనుకున్నాడో ఎవరూ అడగలేదు. ‘నేనైతే’ తీసే ఫొటో వేరేది, దాన్ని మీరే తీసుకోండి.

అదే సంభాషణ ఇంకోలా నడిస్తే:

“నా కన్ను ముందు ఎర్ర బకెట్ మీదికి పోయింది. తర్వాత ఆవిడ ముఖం చూశాను. చేయి చివర్లో కనిపించింది. నువ్వు చూపించాలనుకున్నది ఏంటి?”

“వేళ్ల సందులోంచి ముగ్గు జారుతుంది కదన్నా, అది.”

“అయితే బకెట్ నీకు అడ్డొస్తోంది. ఆ మసక వెలుతురులో రంగున్న వస్తువు అదొక్కటే. నువ్వు ఒక్క అడుగు పక్కకి జరిగి ఉంటే అది ఆవిడ వెనక దాక్కునేది.”

ఇక్కడ జరిగినవి మూడు పనులే. చూసినవాడు తన కన్ను ఏ దారిన వెళ్లిందో చెప్పాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఏం చూపించాలనుకున్నావని అడిగాడు. ఆ జవాబుని బట్టి ఒకే ఒక్క మార్పు చెప్పాడు. ఈ వరస ముఖ్యం. అడగకముందే సలహా ఇస్తే అది గురి తెలియకుండా వేసిన రాయి.

షట్టర్ సంగతి ఎందుకు ఎత్తలేదు? ఎత్తవచ్చు, కానీ తప్పు అని కాదు. 1/40 దగ్గర జారే ముగ్గు తెల్లటి ధారలా వస్తుంది. కొందరికి అదే అందం. రేణువులు విడివిడిగా కనిపించాలంటే షట్టర్ కనీసం 1/500కి తేవాలి, అంటే లోపలికొచ్చే వెలుతురు పన్నెండున్నర రెట్లు తగ్గుతుంది. ఫొటో మునుపటంత వెలుగ్గా రావాలంటే ఐఎస్ఓ 400 నుంచి 5000 దాకా పెంచాలి, నాయిస్ (ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) భరించాలి. ధార కావాలా రేణువులు కావాలా అన్నది తీసేవాడు తేల్చుకోవాల్సిన సంగతి. చెప్పేవాడి పని ఈ బేరం ఇలా ఉంటుందని వివరించి ఊరుకోవడం. మన ఇష్టాన్ని నియమంలా చెప్పడం ఫొటో బృందాల్లో అన్నిటికన్నా పెద్ద జబ్బు అని నా అభిప్రాయం.

ఒక లోపం కనిపించగానే నోరు తెరవకుండా, అది ఎక్కడ సరవుతుందో ఆలోచించండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెరువు చెట్ల మీద వాలే గూడబాతుల్ని మీ స్నేహితుడు తీశాడనుకుందాం. ఎగిరే పక్షి తెల్లటి ఆకాశం ముందు నల్లటి నీడలా వచ్చింది. ఫ్రేమ్ కాస్త పక్కకి ఒరిగింది. రెక్క చివర్లు అలికినట్టున్నాయి. ఒరిగిన ఫ్రేమ్‌ని ఇంటికొచ్చాక పది సెకన్లలో తిప్పుకోవచ్చు, దాని గురించి అరగంట మాట్లాడక్కర్లేదు. నల్లటి పక్షిని రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచిన ముడి ఫొటో) ఉంటే కొంతవరకు వెలికి తీయవచ్చు. ఫోన్ ఇచ్చిన జేపెగ్ మాత్రమే ఉంటే పెద్దగా లాభం లేదు. అలికిన రెక్కని ఏ సాఫ్ట్‌వేరూ నిజంగా వెనక్కి తేలేదు. అది 1/250లో తీసిన ఫలితం. అందుకే మీరు నోరు తెరిచి చెప్పాల్సింది దాని గురించే: “ఈసారి షట్టర్ 1/1000 కన్నా నెమ్మదిగా పెట్టకు. ఆకాశం ముందు పక్షిని తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైకి జరుపు, అంటే వెలుతురు రెట్టింపు చేయి. ఆకాశం ఇంత తెల్లగా ఉంటే కెమెరా దాన్ని చూసి మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది.” మళ్లీ ఉప్పలపాడు వెళ్లినప్పుడు చేతికి అందే మాట అది. మన బృందాల్లో ఎక్కువమంది క్రాప్, కలర్ దగ్గరే ఆగిపోతారు, ఎందుకంటే అవి చెప్పడం తేలిక.

ఒక చిన్న జాగ్రత్త. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చూసి షార్ప్‌గా లేదని తీర్పు ఇవ్వకండి. అది పంపేటప్పుడే ఫొటోని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపించమనండి, అప్పుడు చూడండి.

ఇక బాగున్నదాని గురించి. మెచ్చుకోలు కూడా వివరంగానే ఉండాలి. ‘కేక’ అంటే అవతలివాడికి ఆనందమే, కానీ మళ్లీ ఏం చేయాలో తెలియదు. “ఆవిడ ముఖం మీద పడిన వెలుతురు ఒక పక్కనుంచే వచ్చింది, అందుకే ముడతలు అంత చక్కగా కనిపిస్తున్నాయి” అంటే ఆ కుర్రాడు రేపు కూడా అలాంటి వెలుతురు కోసం వెతుక్కుంటాడు. ఈ పని విమర్శించడం కన్నా కష్టం, ఒకసారి ప్రయత్నించి చూడండి.

పోటీల గురించి కూడా ఒక మాట. అంతర్జాతీయ ఫొటో సమాఖ్య ఎఫ్‌ఐఏపీ 1950లో మొదలైంది. దాని గుర్తింపుతో జరిగే సెలూన్లకి, అంటే ఫొటో ప్రదర్శన పోటీలకి, మన ఊళ్లనుంచి కూడా చాలామంది పంపుతారు. పంపండి, మంచిదే. కానీ అక్కడ న్యాయనిర్ణేతలు ఒక్కో ఫొటోని కొద్ది సెకన్లు చూసి మార్కు వేస్తారు. ఆ మార్కు వెనక కారణం మీకు చేరదు. కాబట్టి ఎంపికైనంత మాత్రాన ఫొటోలో లోపం లేదని కాదు, తిరిగొచ్చినంత మాత్రాన పనికిరాదనీ కాదు.

ఇప్పుడు మీరు వినే వైపు. నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఎదుటివాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మూసుకోవడం. “అప్పుడు వెలుతురు లేదు”, “కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ కదా”, “జనం అడ్డొచ్చారు” అన్న మాటలు నాలుక చివరి దాకా వస్తాయి. అవన్నీ నిజమే కావచ్చు. కానీ ఫొటో గోడకి వేలాడుతున్నప్పుడు పక్కన మీరు నిలబడి చెప్పలేరు కదా. మాట్లాడకుండా ఉండటం మరీ కష్టమైతే చేతిలో పెన్ను పట్టుకోండి, వాళ్లన్నది వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

చెప్పినవన్నీ పాటించక్కర్లేదు. ముగ్గురికి చూపిస్తే ముగ్గురూ మూడు సలహాలిస్తారు. ఒకరు క్రాప్ చేయమంటారు, ఒకరు బ్లాక్ అండ్ వైట్ చేయమంటారు, ఇంకొకరు వేరే లెన్స్ కొనమంటారు (లెన్స్ కొనమనేవాళ్లు ప్రతి బృందంలో ఒకరుంటారు). సలహాలు పక్కన పెట్టి, ముగ్గురూ ఫొటోలో ఏ చోటు గురించి మాట్లాడారో చూడండి. ఒకే మూల దగ్గర ముగ్గురూ తడబడితే అక్కడ ఏదో ఉన్నట్టే. దాన్ని ఎలా సరిచేయాలో మాత్రం మీరే వెతుక్కోవాలి, ఎందుకంటే ఏం చూపించాలనుకున్నారో తెలిసింది మీకే.

ఒకసారి విన్నాక ఫొటో మారిపోవడం ఓటమి అనుకోకండి. అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరి మీద చంద్రోదయాన్ని ఒకే ఒక్క నెగెటివ్ మీద తీశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ నెగెటివ్ నుంచి ప్రింట్లు తీస్తూనే ఉన్నారు. తొలి ప్రింట్లలో ఆకాశంలో సన్నటి మబ్బులు కనిపిస్తాయి. తర్వాతి వాటిలో ఆకాశం దాదాపు నలుపు. తన ఫొటోని తానే మళ్లీ మళ్లీ చూసి మార్చుకున్న మనిషి ఆయన.

ఈ వారం అభ్యాసం. పదిలోంచి ఒక్క ఫొటో తీసుకోండి. దాన్ని ఇద్దరికి చూపించండి, ఒకరు కెమెరా పట్టినవాళ్లు, ఇంకొకరు ఎప్పుడూ పట్టనివాళ్లు. పేరూ, ఊరూ, కథా ఏదీ చెప్పకండి. ‘ఎలా ఉంది’ అని అసలు అడగకండి. “ముందు ఎక్కడ చూశావు? ఇందులో ఏం జరుగుతోంది?” అని మాత్రం అడగండి. రెండో మనిషిని తక్కువగా అంచనా వేయకండి. నా గాజుల ఫొటో ఇంట్లో చూపిస్తే మా అమ్మ, “ఈవిడ అమ్ముతోందా, కొంటోందా?” అంది. మా బృందంలో ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు.

వాళ్లు చెప్పింది కాగితం మీద రాసి, దాని కింద మీరు అసలు ఏం చూపించాలనుకున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఫొటోని ఇంకా ముట్టుకోకండి. అయిదో పాఠంలో ఆ కాగితం పక్కన పెట్టుకుని అదే చోటికి మళ్లీ వెళ్లి తీస్తాం.