ఎండాకాలంలో ఇటలీ: తిండికీ తిరుగుడుకీ ముందే చూసుకోవాల్సినవి

జూన్ నుంచి ఆగస్టు దాకా రోమ్, ఫ్లోరెన్స్, నేపుల్స్‌లో ఎండ మామూలుగా ఉండదు. 2023 జూలైలో రోమ్‌లో 41 డిగ్రీలు దాటింది. సెలవులు ఆ నెలల్లోనే కుదిరేవాళ్ళను వెళ్ళొద్దని అనను. కానీ వడదెబ్బ తగిలేదీ, రుచీపచీ లేని భోజనానికి బోలెడు డబ్బు పోసేదీ చాలావరకు ఒకే కారణంతో: వేళ తప్పడం. ముందు భోజనం వేళలు రాసుకుని, చూడాల్సినవాటిని వాటి చుట్టూ అమర్చుకోండి.

అక్కడి మంచి భోజనశాలల్లో చాలావాటికి మధ్యాహ్నం మూడింటికల్లా పొయ్యి ఆరిపోతుంది. మళ్ళీ వెలిగేది రాత్రి ఏడు, ఏడున్నరకే. పదింటికి బయల్దేరి మూడున్నర దాకా శిథిలాల మధ్య ఎండలో తిరిగినవాళ్ళకు ఆకలి నకనకలాడే వేళకు తెరిచి ఉండేవి వాకిట్లో బొమ్మల మెనూ పెట్టి, చేయి పట్టుకుని పిలిచే హోటళ్ళే. అందుకని గేటు తెరిచే వేళకే రోమన్ ఫోరమ్ లాంటి ఆరుబయలు చోట్లకు వెళ్ళండి. ఒంటిగంట లోపే భోజనానికి కూర్చోండి. తర్వాత గదిలో కాసేపు నడుం వాల్చి, సాయంత్రం చర్చిలు, మ్యూజియాలు చూడండి. నేపుల్స్ దగ్గరి పాత నగర శిథిలాలైన పాంపేయిలో నీడ చాలా తక్కువ, పిల్లలతో, పెద్దవాళ్ళతో అక్కడ మిట్టమధ్యాహ్నం అసలే వద్దు. రోజుకు 20,000 మందికే ప్రవేశం అని 2024 నవంబరు నుంచి పరిమితి పెట్టారు, కాబట్టి టికెట్టు ముందే తీసుకోవాలి.

నీళ్ళకు మాత్రం రోమ్‌లో కరువు లేదు. వీధుల్లో ‘నాసోని’ అనే ఇనుప కొళాయిలు సుమారు 2,500 ఉన్నాయి. అవి మంచినీళ్ళే, చల్లగా ఉంటాయి. ధార పడేచోట వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్ళు చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఒక ఖాళీ సీసా సంచిలో ఉంటే చాలు.

టికెట్ల సంగతి. వాటికన్ మ్యూజియాలకు ఆదివారం సెలవు. నెలలో చివరి ఆదివారం మాత్రం పొద్దున ఉచితంగా తెరుస్తారు, ఆ రద్దీలోకి ఎండాకాలంలో వెళ్ళకపోవడమే మంచిది. ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ చిత్రశాలకు, మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియాకు సోమవారం సెలవు. ఆదివారం రోమ్, సోమవారం ఫ్లోరెన్స్ అని వేసుకుంటే రెండు చోట్లా ముఖ్యమైనవి తప్పిపోతాయి. రోమ్‌లోని కొలోసియం టికెట్టు మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. ఫ్లోరెన్స్ కెథడ్రల్ గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు, లిఫ్టు లేదు, దారి ఇరుకు. మోకాళ్ళ నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు కింద నుంచే చూడాలి. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, ఒక పల్చటి చున్నీ సంచిలో ఉంచుకోండి. ఆగస్టు 15 ఇటలీకి పెద్ద పండుగ. దానికి అటూ ఇటూ కుటుంబాలు నడిపే చిన్న హోటళ్ళు చాలా మూసేస్తారు, తిండి కోసం వెళ్ళేవాళ్ళు ఆ వారం తప్పించుకోవడం మేలు.

ఇక శాకాహారులు. పిజ్జా, పాస్తా దేశమే కదా, ఇబ్బందేముంది అనుకుంటారు. ఇబ్బంది కంటికి కనబడనిచోట ఉంటుంది. కార్బోనారా, అమాత్రిచానా అనే పాస్తాల్లో పంది దవడ మాంసం పడుతుంది. పుత్తనెస్కా పాస్తాలో చిన్న చేపలుంటాయి. కూరగాయల సూప్ అన్నా మాంసం ఉడికించిన నీళ్ళతో కాచి ఉండొచ్చు. “మాంసం ఉందా?” అని అడిగితే సరిపోదు. పంది, చేప, మాంసపు రసం అంటూ ఒక్కొక్కటి పేరు పెట్టి అడగండి. అసలు చిక్కు జున్నుతో, అంటే చీజ్‌తో. పార్మిజానో రెజానోలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు, పెకొరీనో రొమానోలో గొర్రెపిల్లది. జున్ను, మిరియాలు తప్ప మరేమీ కలపని కాచో ఎ పేపే పాస్తా కూడా నిష్ఠగా ఉండేవాళ్ళకు పనికిరాదు. వాళ్ళకు నేపుల్స్ మరినారా పిజ్జా భేషుగ్గా సరిపోతుంది: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. ఫ్లోరెన్స్‌లో రొట్టె, బీన్స్, ఆకుకూరలతో చేసే రిబొల్లీతా ఉంది, అందులో మాంసపు రసం లేదని అడిగి తినండి. అదే ఊళ్ళో బళ్ళ మీద అమ్మే లాంప్రెదోత్తో ఆవు నాలుగో పొట్ట. తినేవాళ్ళకు అది గొప్ప రుచి, తిననివాళ్ళు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు లాంటివి పడనివాళ్ళు నోరు తెరిచి చెప్పండి. ఐరోపా చట్టం పేర్కొన్న 14 రకాల అలర్జీ పదార్థాల గురించి హోటలువాళ్ళు సమాచారం ఇచ్చి తీరాలి.

మెనూలో ధర చదవడం కూడా ఒక జాగ్రత్తే. చేప పక్కన ‘ఎత్తో’ అని ఉంటే ఆ ధర 100 గ్రాములకు. కిలో చేప తెప్పించుకుంటే పదిరెట్లు. వెనిస్‌లో బెంబేలెత్తించే బిల్లులు చాలా ఇలా వచ్చేవే. తూకం వేసి మొత్తం ఎంతో చెప్పాకే వండమనండి. ‘కోపెర్తో’ అంటే కూర్చున్నందుకు మనిషికి ఇంతని వేసే రుసుం, మెనూలో రాసి ఉంటే మోసం కాదు. టిప్పు తప్పనిసరి కాదు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. కార్డు యంత్రం మీ దేశపు డబ్బులోనా, యూరోలోనా అని అడిగితే యూరో నొక్కండి, మరోదానిలో మారకం రేటు సాధారణంగా నష్టమే.

జరిమానాలు గట్టిగా వేస్తారు. రోమ్‌లో స్పానిష్ స్టెప్స్ అనే పేరున్న మెట్ల మీద కూర్చోవడం 2019 నుంచి నిషేధం. వీధిలో నకిలీ బ్రాండు సంచి కొంటే కొన్నవాళ్ళకే 300 నుంచి 7,000 యూరోల దాకా పడొచ్చు. ప్రాంతీయ రైళ్ళ కాగితపు టికెట్టును ఎక్కేముందు స్టేషన్లోని యంత్రంలో ముద్ర వేయించాలి. కొన్నాం కదా అని ఊరుకుంటే లెక్కకు రాదు. వెనిస్‌కు ఒక్కరోజుకు వెళ్ళివచ్చేవాళ్ళు కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుం కట్టాలి, మీ తేదీ ఆ జాబితాలో ఉందేమో ముందే చూడండి.

దొంగతనాలు చాలావరకు చేతివాటంతో జరిగేవే, కొట్టి లాక్కునేవి తక్కువ. రోమ్‌లో తెర్మినీ స్టేషన్, మెట్రో, వాటికన్ వైపు పోయే 64వ నంబరు బస్సు, నేపుల్స్ నుంచి పాంపేయికి పోయే రైలు పేరుపడ్డ చోట్లు. తలుపు మూసుకునే క్షణంలో తోపులాట మొదలైతే ముందు సంచి పట్టుకోండి. సంతకం పెట్టమని అట్ట చాపేవాళ్ళ దగ్గర, చేతికి దారం కట్టబోయేవాళ్ళ దగ్గర నిలబడొద్దు. ఇటలీకి వెళ్ళడానికి తీసుకునే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ తీసుకుంటారు, ఆ కాగితం నకలు ఫోన్లో, ఇంకోటి చేతిసంచిలో ఉంచండి. అత్యవసరమైతే 112. పాస్‌పోర్టు పోతే ముందు పోలీసుల దగ్గర రాతపూర్వకంగా ఫిర్యాదు నమోదు చేయించాలి. భారత పాస్‌పోర్టు అయితే ఆ కాగితంతో రోమ్‌లోని రాయబార కార్యాలయానికో, మిలాన్‌లోని కాన్సులేట్‌కో వెళ్ళాలి. పాస్‌పోర్టు నకలు, రెండు ఫోటోలు వేరే సంచిలో ఉంటే ఆ పని తొందరగా అవుతుంది.