సర్వే లెక్కలో ఒక మనిషి తగ్గితే: వెయిటేజీ, రౌండింగ్ ఎలా చేయాలి?

నల్లగొండ దిక్కు ‘మీరు తాగే నీళ్లు ఏవి?’ అన్నది మామూలు ప్రశ్న కాదు. మునుగోడు, మర్రిగూడ బోర్లలోని ఫ్లోరైడ్ ఎంతమంది నడుములు వంచిందో ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే ఆ ప్రశ్నతోనే లెక్క చేద్దాం. జవాబుల అంకెలు మాత్రం ఉదాహరణకు అనుకున్నవే.

పట్నంలో 100 మందిని, పల్లెల్లో 100 మందిని అడిగాం. పట్నంలో నల్లా 37, క్యాన్ 58, బోరు 5. పల్లెల్లో నల్లా 52, క్యాన్ 31, బోరు 17. ఉన్నదున్నట్టు కూడితే నల్లా 89, క్యాన్ 89, బోరు 22. నల్లా, క్యాన్ సరిసమానంగా కనిపిస్తున్నాయి. కానీ 2011 జనగణన ప్రకారం ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుమారు 81 శాతం పల్లె జనమే. మన సర్వేలో వాళ్లు సగమే.

మొదట వెయిటేజీ కట్టాలి, అంటే ఒక్కో జవాబును ఎంత బరువుతో లెక్కించాలో తేల్చాలి. జనాభాలో వాటాను సర్వేలోని వాటాతో భాగించండి. పల్లెకు 81 ÷ 50 = 1.62, పట్నానికి 19 ÷ 50 = 0.38.

తర్వాత ప్రతి అంకెనూ దాని వెయిటేజీతో గుణించి కూడండి. నల్లా 98.30, క్యాన్ 72.26, బోరు 29.44. మొత్తం సరిగ్గా 200. నల్లా ఎంత ముందుకు వచ్చిందో చూడండి.

ఇప్పుడు రౌండ్ చేస్తే 98, 72, 29. కూడితే 199! ఎవరూ తప్పిపోలేదు, దశాంశాలు రాలిపోయాయంతే. అదే పట్నం, పల్లె అంకెలను విడివిడిగా రౌండ్ చేసి కూడితే బోరు 30 అవుతుంది, మొత్తం 200 కుదురుతుంది. కుదిరింది కదా అని అదే సరైనదనుకోవద్దు. అసలు విలువ 29.44, అంటే 29కే దగ్గర. కాబట్టి రౌండింగ్ చివర్లో, ఒక్కసారే చేయాలి.

వెయిటేజీని అసలే రౌండ్ చేయొద్దు. 1.62ను 2గా, 0.38ను సున్నాగా మారిస్తే పట్నం మొత్తం లెక్కలోంచి పోతుంది.

ఎక్సెల్‌లో ఇంకో తిరకాసు ఉంది. దశాంశాలు కనపడకుండా చేసినా లోపల అలాగే ఉంటాయి. అందుకే పైన 98, 72, 29 కనిపిస్తూ కింద మొత్తం 200 అని వస్తుంది.

ఆ ఒక్కటి సరిపెట్టడానికి బోరుకో, క్యాన్‌కో చేత్తో కలపకండి. పట్టిక కింద ఇలా రాయండి: ‘అడిగింది 200 మందిని. అంకెలు వెయిటేజీ కట్టి రౌండ్ చేసినవి, అందువల్ల కూడితే 199 వస్తుంది.’ దాని పక్కనే వెయిటేజీ లేని అసలు అంకెలూ ఇవ్వండి. పట్నంలో బోరు నీళ్లు తాగేవాళ్లు అయిదుగురే దొరికారన్న సంగతి చదివేవాళ్లకు అక్కడే తెలుస్తుంది.