ఒట్టోమన్ పత్రాల్లో ఉపాధికారిని గుర్తించే పద్ధతి

అమలాపురంలోనో నరసాపురంలోనో చరిత్ర ఎం.ఏ. చదువుతూ ఒట్టోమన్ పాలనపై వ్యాసం రాయబోయే విద్యార్థికి మొదట అడ్డుపడేవి హోదాల పేర్లు. వాటిని పట్టికగా వేసుకుని బట్టీ పడితే లాభం లేదు. ఒకే పేరు కాలాన్ని బట్టి వేరే ఉద్యోగికి చెల్లుతుంది. కాబట్టి హోదా కంటే ముందు తేదీ చూడండి. హిజ్రీ 1281 సుమారు 1864 అవుతుంది. అదే అంకె ఖజానా వాడిన మాలీ పంచాంగానిదైతే 1865 మార్చితో మొదలవుతుంది. పాలనను విలాయతులనే రాష్ట్రాలుగా మలిచిన 1864 నాటి విలాయతు చట్టం మొదట గవర్నరు మిద్హత్ పాషా ఆధ్వర్యంలో డాన్యూబ్ ప్రాంతంలోనే అమలైంది కనుక, పత్రం ఏ ప్రాంతానిదో కూడా రాసుకోవాలి.

చట్టానికి ముందటి పత్రమైతే, ఈ అధికారి ఎవరి బదులు కూర్చున్నాడో వెతకండి. సుల్తాను ప్రధానమంత్రి అయిన మహావజీరు సైన్యంతో దండయాత్రకు వెళ్తే ఇస్తాంబుల్‌లో ఆయన పనులు చూసినవాడు కాయ్‌మకామ్. సంజక్ అనే జిల్లా పాలకుడు యుద్ధరంగంలోనో రాజధానిలోనో ఉండిపోతే, ఆయన తరఫున పన్నులు వసూలు చేయించి శాంతిభద్రతలు చూసినవాడు ముతెసెల్లిమ్. ఈ రెండో పదవిని తేలికగా దాటేయకూడదు. 18వ శతాబ్దంలో అది తరచు ఆయాన్‌లనే స్థానిక పెద్దల చేతికి పోయింది. నేటి తుర్కియే పశ్చిమాన ఉన్న మనీసా పరిసరాల్లో కరా ఒస్మాన్ ఓగ్లు కుటుంబం బలపడిన దారుల్లో ఇదొకటి. పేరుకు ఒకరి బదులు చేసే ఉద్యోగం, చేతిలో మాత్రం ఊళ్ల పెత్తనం. వ్యాసంలో ఎక్కువ పుటలు దీనికే ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

చట్టం తరువాతి వరుస సులువే: విలాయతుకు వాలీ, సంజక్‌కు ముతసర్రిఫ్, తాలూకా వంటి కజాకు కాయ్‌మకామ్, ఊరికి ముఖ్తార్. ఇక్కడ కాయ్‌మకామ్ ఎవరికీ బదులు కాదు, ఆ కజాకు అతడే అధికారి. నాయిబ్ సంగతీ అంతే. పూర్వం కాజీ తరఫున తీర్పు చెప్పినవాడు, 19వ శతాబ్దంలో తానే షరియా న్యాయాధికారి అయ్యాడు.

ముఖ్తార్ అనగానే డెల్టా ఊళ్లలో పెరిగినవారికి మునసబు గుర్తొస్తాడు, కానీ ఇద్దరినీ ఒక గాటన కట్టకండి. మునసబు, కరణం పదవులు తరతరాలుగా ఒకే ఇంట్లో నడుస్తూ వచ్చి 1984లో రద్దయ్యాయి. ముఖ్తార్‌ను మాత్రం గ్రామస్థులు ఎన్నుకోగా పైఅధికారి ఆమోదించేవాడు. ముస్లింలు, క్రైస్తవులు కలిసి ఉన్న ఊళ్లో ఎవరి ముఖ్తార్లను వారే ఎన్నుకునేవారు. అందువల్ల ఒకే ఊరి కాగితంపై వేర్వేరు ముఖ్తార్ల ముద్రలు కనిపిస్తే పొరపాటని పక్కన పెట్టక, ఏ ముద్ర ఏ వర్గానిదో చదివి విడివిడిగా నమోదు చేసుకోండి.