ఏపీఎల్‌లో ఎక్స్‌ప్రెషన్ చదవడం, చూపించడం

ఏపీఎల్ (APL) అనే ప్రోగ్రామింగ్ భాషలో గుణకారానికి, కూడికకు మధ్య పెద్దా చిన్నా తేడా లేదు. ప్రతి ఫంక్షనూ (+, -, × లాంటి గుర్తు) తన కుడివైపు ఉన్నదంతా తీసుకుంటుంది. అందుకే 3×2+4 అంటే 18, 10-5-2 అంటే 7. బడిలో నేర్చుకున్న క్రమం ఇక్కడ పక్కన పెట్టాల్సిందే.

మీరు పార్సర్ (ఎక్స్‌ప్రెషన్‌ని చదివి, దాని నిర్మాణాన్ని చెట్టులా, అంటే ట్రీగా మార్చే ప్రోగ్రామ్) రాసి, ఆ ట్రీని తిరిగి టెక్స్ట్‌గా చూపించాలంటే ఈ ఒక్క నియమం చాలా పని తగ్గిస్తుంది: ఫంక్షన్‌కి కుడి ఆర్గ్యుమెంట్ (కుడివైపు ఇచ్చేది) ఎంత పొడుగున్నా బ్రాకెట్ అక్కర్లేదు. ఎడమ ఆర్గ్యుమెంట్‌లో ఇంకో ఫంక్షన్ ఉంటే మాత్రం తప్పనిసరి. 2-(3-4)ని 2-3-4 అని చూపించవచ్చు, విలువ 3. (2-3)-4లో బ్రాకెట్ తీసేస్తే ¯5 (అంటే రుణ 5) రావాల్సిన చోట 3 వస్తుంది. ఇలాంటి తప్పు పట్టుకోవడం మహా కష్టం, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు.

మైనస్ గుర్తు దగ్గర ఇంకాస్త జాగ్రత్త. ¯3 4లో మొదటి అంకె ఒక్కటే రుణం. -3 4 అంటే రెండూ రుణమవుతాయి. రుణ సంఖ్యల్ని ప్రింట్ చేసేటప్పుడు పైగీతే (¯) వాడండి.

పక్కపక్కన రాసిన అంకెలు ముందే ఒక వెక్టర్‌గా (అంకెల వరుసగా) కలిసిపోతాయి: 1 2+3 4 విలువ 4 6. టోకెనైజర్‌లోనే (టెక్స్ట్‌ని ముక్కలుగా విడగొట్టే భాగంలోనే) వాటిని కలిపేస్తే పార్సర్ తేలికవుతుంది.

టెస్ట్‌కి ఒకటే పద్ధతి: ప్రింట్ చేసినదాన్ని మళ్లీ పార్స్ చేసి, అదే ట్రీ వచ్చిందో లేదో పోల్చండి.